పొద్దున్నే పనికెల్లాల

మా ఇంట్లో నొప్పుల మందులకి వంటింటి గోడలో వేరే గూడు ఉండేది. పసుపుపచ్చ అమృతాంజనం సీసా, మూత తుప్పు పట్టిన ఐయోడెక్స్ సీసా, ఎప్పటిదో దగ్గు మందు సీసాలో పోసి పెట్టిన ఆముదం, కాగితంలో మడిచిన కర్పూరం బిళ్లలు, అరిగి అరిగి బొటనవేలంత మిగిలిన శొంఠి కొమ్ము. ఇప్ప నూనె డబ్బా మాత్రం కింద, పొయ్యి వారన. చలికాలం వస్తే అది గడ్డకట్టేసేది, పొయ్యి వేడికి కరగాల్సిందే. పిల్లలం ఆ గూట్లో చెయ్యి పెట్టకూడదు. పెడితే మామ్మ ఏ మూలనున్నా వాసన పట్టేసేది.

ఆ మందుల్లో ఎవరిది వారిదే. ఐయోడెక్స్ నాన్నది. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా గోగునార నూగు, బట్టల నిండా మెషిన్ ఆయిల్ వాసన. చంపావతిలో ములిగి వచ్చి అరుగు మీద కూర్చుంటే అమ్మ ఆయన కుడి భుజానికి ఐయోడెక్స్ రాసేది. అప్పటి ఐయోడెక్స్ నల్లగా, చిక్కగా ఉండేది. బట్టకి అంటితే మరక వదలదు. అందుకే నాన్నకి ఒక తువ్వాలు విడిగా ఉండేది, దాంతో ఇంకెవరూ మొహం తుడుచుకునేవాళ్లు కాదు. సీసా అయిపోవస్తే అమ్మ అగ్గిపుల్లతో అంచులన్నీ గీకి తీసేది. ఖాళీ సీసా కూడా పారేసేది కాదు, అందులో కుంకుమ పోసేది. ఎన్నిసార్లు కడిగినా ఆ కుంకుమలోంచి మందు వాసన వచ్చేది. మా వీధిలో చాలామంది ముత్తయిదువులు అదే వాసనతో పేరంటాలకి వెళ్లేవాళ్లు, కాబట్టి ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకునే వీలు లేదు.

అమ్మకి ఐయోడెక్స్ రాసిన గుర్తు మాత్రం నాకు లేదు. అమ్మది ఉభాల నొప్పి. వానలు పడి ఉభాలు, అంటే వరినాట్లు, మొదలైతే ఆడవాళ్లంతా పొద్దున్నే మడిలో దిగేవాళ్లు. మోకాలి దాకా బురద, పైన వాన, వంచిన నడుం వంచినట్టే ఉండాలి. పాటలు పాడుకుంటూ సరదాగా నాటేస్తారని టీవీలో చూపిస్తారు. పాడతారు, నిజమే. మధ్యాహ్నం దాటాక పాట ఎవరి నోటా రాదు. సాయంత్రం గట్టెక్కినవాళ్లు కాసేపు నిటారుగా నిలబడలేక అరచేతులు నడుముకి ఆన్చుకుని, అలాగే ఓరగా నడుచుకుంటూ వచ్చేవాళ్లు.

ఆ రాత్రి మామ్మ నూనె కాచేది. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఫోన్లో చూపించే "నానమ్మ చిట్కా"ల్లో కర్పూరాన్ని మంట మీద ఉన్న నూనెలోనే వేసేస్తున్నారు. మూకుట్లో నువ్వుల నూనె పోసి, అది సన్నగా వేడెక్కాక చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు వాము వేసేది. వెల్లుల్లి ఎర్రబడి, వాసన ఘాటుగా లేవగానే మూకుడు దించేసేది. దించి, పక్కన పెట్టి, కాస్త చల్లారాకనే కర్పూరం పొడి చల్లి మూత పెట్టేది. కర్పూరం ఇట్టే అంటుకుంటుంది, వేడికి ఆవిరై గాల్లో కలిసిపోతుంది కూడా. మంట మీద వేస్తే అయితే ఇల్లు కాలుతుంది, లేదంటే కర్పూరం దండగవుతుంది. మామ్మకి ఈ సంగతి ఎవరు చెప్పారో తెలీదు. అడిగితే మాత్రం, "దేముడి హారతి కర్పూరం పొయ్యిలో ఏత్తారేటే ఎవులైనా?" అనేది.

"ఒలే గుంటా, ఆ దీపం ఇటు అట్టుకురా. మీ యమ్మ నడుం సూడాల."

దీపం పట్టుకోవడం నా పని. అమ్మ చాప మీద బోర్లా పడుకునేది. మామ్మ పక్కనే గొంతుక్కూర్చుని, నూనె ముందు తన అరచేతుల్లో రుద్దుకునేది. చేతులు వేడెక్కితే గానీ నడుం ముట్టుకునేది కాదు. తర్వాత రెండు బొటనవేళ్లూ వెన్నుకి చెరో పక్కా ఆనించి కింద నుంచి పైకి, మెల్లగా, చీమ నడిచినంత మెల్లగా తోసేది. ఎక్కడో ఒకచోట వేలు ఆగిపోయేది. "ఇక్కడ కదే ముడి కట్టింది," అని అక్కడే అరచేతి మడమ ఆన్చి తన బరువంతా వేసేది. అమ్మ పళ్లు బిగించి చాప అంచు పట్టుకునేది. నేను సాయం చేస్తానని ఎప్పుడైనా చెయ్యి వేస్తే, "బొమిక మీద కాదే, బొమిక పక్కన!" అని నా చెయ్యి జరిపేది. ఇన్నేళ్ల తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు అచ్చం ఇదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పినప్పుడు నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఉప్పు కాపడం. కళ్లుప్పు మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, పాత చీర గుడ్డలో మూట కట్టి, ముందు తన మోచేతి మీద పెట్టుకుని చూసి, అప్పుడు అమ్మ నడుం మీద అద్దేది. కాపడం అయ్యేలోపే అమ్మ నిద్రపోయేది. కోడి కూయకముందే లేచి మళ్లీ మడికి వెళ్లేది.

ఇప్పుడు ఆలోచిస్తే అదే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. ఆ నూనె, ఆ కాపడం, ఆ మర్దనా ఏవీ నొప్పి పోవడానికని చేసినవి కావు. నొప్పి పోదని మామ్మకీ తెలుసు, అమ్మకీ తెలుసు. నడుం వంచడం మానితే కదా నొప్పి పోవడానికి! పొద్దున్నే లేచి మళ్లీ వంగగలగాలి, అంతవరకే వాటి పని. "రేపు మానీయే" అని మామ్మ ఒక్కనాడూ అనలేదు. కూలి పోతుందనీ, మేస్త్రీ వచ్చే ఏడు ముఠాలోకి పిలవడనీ ఆవిడకి తెలుసు. మా ఇంట్లో రెస్టు అనే మాట ఒళ్లు కాలిపోయే జ్వరానికి తప్ప వాడగా వినలేదు. ఐయోడెక్స్ వాళ్ల హిందీ ప్రకటన కూడా అదే కదా చెప్పేది, రాసుకో, పనిలోకి పద అని. అది మా ఇంటికి ఎలా తెలిసిందా అనుకునేదాన్ని.

ఉభాలు ముగిసాక వావిలాకు నీళ్ల స్నానాలు. గట్టు మీద వావిలి కొమ్మలు విరుచుకొచ్చి గుండిగలో మరగబెట్టేవాళ్లు. నీళ్లు ఆకుపచ్చగా తిరిగి, చేదు వాసనేస్తూ పొగలు కక్కేవి. బాలింతలకీ అవే నీళ్లు, ముసలాళ్ల కీళ్లకీ అవే. మోకాళ్లు వాచినవాళ్లు ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు కట్టుకునేవాళ్లు. బెణికితే పసుపూ సున్నం కలిపి పట్టు. ఆ ఎర్రటి పట్టు ఎండి చర్మాన్ని లాగుతుంటే స్కూల్లో దాన్ని చూపించుకుని డ్రిల్లు ఎగ్గొట్టేవాళ్లం.

ఇప్ప నూనె సంతలో కొనేవాళ్లు. కొండల మీంచి సవరవాళ్లు, జాతాపులు దిగి వచ్చి ఇప్ప నూనె, చింతపండు, కొండచీపుర్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. నాన్న మాత్రం గిరిజన కార్పొరేషన్ డిపోలో కొంటే కల్తీ ఉండదనేవాడు. 1956లో పెట్టిన ఆ సంస్థ మీద ఆయనకి ఎక్కడలేని నమ్మకం. మామ్మ వినేది కాదు. సవర ముసలమ్మ చేతి మీద ఒక చుక్క వేయించుకుని, రుద్ది, వాసన చూసి, బేరం ఆడకుండా కొనేది. బేరం ఆడకుండా ఆవిడ కొన్నది నాకు తెలిసి ఆ ఒక్కటే.

ఇక మా సిన్నాన్న గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. ఆయన ఎదురుకాళ్లతో పుట్టాడు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుం మీద తంతే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా ఊళ్లలో గట్టి నమ్మకం. దాంతో ఉభాల కాలంలో తెల్లారేసరికి మా వాకిట్లో నడుములు పట్టుకున్నవాళ్లు వచ్చి నిలబడేవాళ్లు. సిన్నాన్న అప్పటికి పెళ్లికాని కుర్రాడు. వచ్చేవాళ్లలో సగం మంది అత్తలు, పిన్నులు, ఆడపడుచుల అత్తగార్లు. వాళ్లని కాలితో తాకడమంటే ఆయనకి ప్రాణసంకటం. "తప్పు కాయత్తా," అని ముందు చేతులతో దణ్ణం పెట్టి, మడమ అలా ఆన్చీ ఆన్చకుండా తాకించి, వెంటనే వంగి కాళ్లకి మొక్కేవాడు. "అదేటి తన్నురా, ఈగ వాలినట్టు! సరిగ్గా తన్ను!" అని ఒకావిడ గద్దించడం నాకు బాగా గుర్తు. ఒకటి కొట్టు అని బతిమాలేవాళ్లు, కొట్టలేక ఆయన, మధ్యలో మేం పిల్లలం పడి పడి నవ్వేవాళ్లం. దానివల్ల ఎవరికైనా తగ్గిందా అంటే, తగ్గిందనే చెప్పుకునేవాళ్లు. పట్టేసిన నడుం చాలావరకు కొద్ది రోజుల్లో తనంతట తనే వదులుతుందని డాక్టర్లంటారు, కాబట్టి సిన్నాన్న కాలికి పేరు రావడానికి అడ్డేమీ లేకపోయింది.

అదే సిన్నాన్న తప్పెటగుళ్లు ఆడేవాడు. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ, కాళ్లకి గజ్జెలు కట్టుకుని రాత్రంతా గెంతడం. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు, కింద ఉన్నవాడి పిక్కలు వణుకుతున్నా అడుగు తప్పకూడదు. పైడితల్లమ్మ పండగ రోజుల్లో ఆడివచ్చాక రెండ్రోజులు మెట్లెక్కలేకపోయేవాడు. ఊరందరి నడుములూ తన్నినవాణ్ని తన్నడానికి ఎదురుకాళ్ల మనిషి ఇంకొకడు లేడు. ఆయన అమృతాంజనం రాసుకునేవాడు, అది తలనొప్పి మందురా అని నాన్న ఎంత చెప్పినా. మోకాళ్లకీ, పిక్కలకీ, ఆఖరికి గజ్జెలు ఒరుసుకున్న చోటా రాసుకుని కుయ్యోమనేవాడు.

ఆ అమృతాంజనం చేసింది మన తెలుగాయనే అని మా సోషల్ మాస్టారు చెప్పినప్పుడు క్లాసంతా నమ్మలేదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు, 1908లో బొంబాయిలోనే వారపత్రికగా, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా. సంగీత కచేరీల్లో జనానికి ఉచితంగా పంచి అమృతాంజనాన్ని అలవాటు చేశారంటారు. తలనొప్పి పుట్టే చోటే మందు పంచారని మా మాస్టారి చమత్కారం. ఆయనకి సంగీతం పడదు. సిన్నాన్న మోకాళ్ల మీద రుద్దుకున్నదాంట్లో తెలుగు పత్రికల చరిత్ర కూడా కొంత ఉందన్నమాట.

అమ్మ పుట్టిల్లు ఉద్దానం, కవిటి దగ్గర. వేసవి సెలవులకి అక్కడికి వెళితే మందులు మారిపోయేవి. అక్కడ ముసలాళ్ల పెట్టెల్లో పులి బొమ్మ ఉన్న చిన్న డబ్బాలుండేవి, టైగర్ బామ్. మా వైపు సముద్రం ఒడ్డు ఊళ్లనుంచి ఒకప్పుడు జనం ఓడలెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో మూటలు మోసేవాళ్లు. 1942లో జపాన్ వాళ్లు బర్మాలో దిగినప్పుడు ఎంతోమంది అడవుల దారిన నడిచి వచ్చారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మిగిలినవాళ్లలోనూ చాలామంది తిరిగొచ్చారు. టైగర్ బామ్ పుట్టింది కూడా ఆ రంగూన్‌లోనే, ఆ చూ కిన్ అనే చైనా వైద్యుడి ఇంట్లో. ఆయన కొడుకులు దాన్ని సింగపూర్‌కి తీసుకెళ్లి లోకమంతా అమ్మారు. తాతకి వరసైన ఒకాయన ఆ డబ్బాని తలగడ కింద పెట్టుకునేవాడు. అందులో మందు ఎప్పుడో అయిపోయింది. మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసేవాడు. మూటలు మోసిన మెడ ఆయనది, ఎటు చూడాలన్నా మనిషంతా తిరిగేవాడు.

ఇప్పుడు రంగూన్ పోయి సింగపూర్, దుబాయ్, కువైట్ వచ్చాయి. మా మావయ్యల కొడుకులు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లారు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో చాక్లెట్లు, సెంటు సీసాలు, వాటి పక్కన గొడ్డలి బొమ్మ ఉన్న పచ్చనూనె సీసాలు తప్పనిసరి. అదీ సింగపూర్ సరుకే, 1928 నుంచి ఉంది. ఊళ్లో ప్రతి ముసలివాడికీ ఒక్కో సీసా అందాలి. అందకపోతే, "ఆడు ఫారినెల్లి కళ్లు నెత్తికెక్కినాయి" అని ఏడాదంతా అంటారు.

మళ్లీ మా నెల్లిమర్ల వైపు వస్తాను. మా దగ్గర్లోనే కొండవెలగాడ ఉంది. ఆ ఊళ్లో పిల్లలు బరువులెత్తుతారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ముందు కాంస్యం అన్నారు, మొదటి స్థానంలో వచ్చినమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికాక అది వెండి అయింది. అటు శ్రీకాకుళం వైపు ఆమదాలవలసలో కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన రోజు మా వీధిలో స్వీట్లు పంచారు. వాళ్లందరికంటే ముందు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు, రొమ్ము మీద ఏనుగుని నిలబెట్టుకున్నాయన. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. బరువు మోయడం మా జిల్లాలకి కొత్త కాదు. మోస్తే పతకం ఇస్తారన్నదే కొత్త.

మా పక్కింటి అబ్బాయి కొన్నాళ్లు ఆ లిఫ్టింగ్‌కి వెళ్లాడు. వాడి బ్యాగు తెరిస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. స్ప్రేలు, బామ్‌లు, క్రేప్ బ్యాండేజీలు. ఒకసారి వాడు మామ్మ మోకాలికి స్ప్రే కొడితే ఆవిడ, "ఓలమ్మో, ఐసు ముక్కెట్టినావేటిరా!" అని అదిరిపడింది. ముట్టుకుని చూస్తే చర్మం మామూలుగానే ఉంది. స్ప్రేలోని ద్రవం ఆవిరయ్యేటప్పుడు క్షణంపాటు నిజంగానే చల్లబరుస్తుంది గానీ, ఆ తర్వాత చాలాసేపు ఉండే చల్లదనం మెంథాల్‌ది. అది చర్మాన్ని చల్లబరచదు, చల్లదనాన్ని పసిగట్టే నాడుల్ని మేలుకొలుపుతుంది, మెదడు చలేసిందనుకుంటుంది. మిరపకాయ కారంలో ఉండే కాప్సైసిన్ ఇలాగే వేడిని పసిగట్టే నాడుల్ని తడుతుంది. ఈ గుట్టు విప్పినందుకే డేవిడ్ జూలియస్‌కి, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి 2021లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. పచ్చళ్ల కాలంలో కారం కలిపిన చేతులు రాత్రంతా మండితే మామ్మ నీళ్లు వద్దని నూనె రాయమనేది. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అదే కాప్సైసిన్ కొద్దిగా కలిపిన క్రీముల్ని ఇప్పుడు మోకాళ్ల నొప్పికి వాడుతున్నారు. రోజూ రాస్తుంటే ఆ నాడులు అలిసిపోయి నొప్పిని మోయడం తగ్గిస్తాయట.

రుద్దడం వల్లే ఎందుకు హాయిగా ఉంటుందన్నదానికి మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందనీ, స్పర్శ కబురు ముందు చేరితే నొప్పి కబురుకి దారి ఇరుకవుతుందనీ. మా నెల్లిమర్ల రైల్వే గేటు చూసినవాళ్లకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

నాటువైద్యమంతా మంచిదేనని మాత్రం నేననను. మామ్మ వాళ్ల అన్న మడమల మీద, మోకాళ్ల మీద నల్లటి చుక్కలుండేవి. నల్లజీడి గింజని వేడిచేసి, సూదిమొనతో ఆ రసం పెట్టించుకున్న గుర్తులు. ఆ రసం చర్మాన్ని కాల్చేస్తుంది. కొత్త మంట ముందు పాత నొప్పి తెలీదు, అంతే. కొందరికి అది పుండై, పాకి, నెలల తరబడి మానలేదు. పలాసలో పిన్ని జీడిపిక్కలు కొట్టే పనికెళ్లేది. ఆ జీడి వేరు, కానీ దాని తొక్కలోని నూనె కూడా ఇలాగే కాలుస్తుంది. వేళ్లు నల్లబడి చర్మం ఊడిపోయేది. పనిలో కూర్చునేముందు చేతులకి ఆముదం పట్టించుకునేది. సాయంత్రం ఆ చేతులకే, రోజంతా గొంతుక్కూర్చున్న మోకాళ్లకే మళ్లీ ఆముదం. మనం పండక్కి పాయసంలో వేసుకునే జీడిపప్పు తెల్లగా రావడం వెనక ఆ నల్లటి వేళ్లున్నాయి. ఆ పప్పు నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆముదం వాసన గుర్తొస్తుందని చెబితే ఇంట్లో నన్ను వింతగా చూస్తారు.

ఉద్దానంలో నొప్పి అంటే ఇప్పుడు భయం కూడా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మాకు తెలుసు. దానికి అసలు కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, ఇంకేవేవో అన్నారు. కానీ నొప్పుల బిళ్లలు కిడ్నీలకి చేటని మాత్రం డాక్టర్లు అక్కడ ప్రతి ఒక్కరికీ చెబుతారు. ఒకప్పుడు ఊళ్లో మందుల కొట్టుకి వెళ్లి "ఒళ్లునొప్పులు" అంటే చాలు, రంగురంగుల బిళ్లలు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు. ఏ బిళ్ల దేనికో అడిగేవాళ్లు లేరు. కొబ్బరిచెట్లెక్కే మా పెద్ద మావయ్య పొద్దున ఒక పొట్లం, రాత్రి ఒక పొట్లం మింగి ఏళ్లు గడిపాడు. బిళ్ల కూడా నూనె చేసే పనే చేసింది, పొద్దున్నే చెట్టెక్కించింది. తర్వాత ఆయనకి డయాలసిస్ పడింది. బిళ్లల వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు. బిళ్లలు అసలు వేసుకోనివాళ్లకీ ఆ ఊళ్లో వచ్చింది. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి తెరిచేదాకా డయాలసిస్ కోసం, పెద్ద డాక్టర్ల కోసం ఎన్ని బస్సులు మారామో. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికి కాలు బెణికినా ముందు గూడు వెతుకుతారు. బిళ్ల పేరెత్తితే అత్తయ్య కసురుతుంది.

డైక్లోఫెనాక్ జెల్ వచ్చాక కొంత నయం. రాసిన చోట పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్లేది బిళ్లతో పోలిస్తే చాలా తక్కువ. అయినా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దాన్ని కూడా డాక్టర్ని అడిగే వాడాలి. ఈ మందు పేరు వింటే నాకు రాబందులు గుర్తొస్తాయి. చిన్నప్పుడు ఊరవతల పశువు చచ్చి పడితే గుంపులుగా వాలేవి. ఎప్పుడు మాయమయ్యాయో గమనించనే లేదు. నొప్పికి పశువులకి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీల్ని పాడుచేసిందని తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. పక్షుల కిడ్నీలు ఎందుకు పాడయ్యాయో కనిపెట్టారు, మా ఉద్దానం సంగతే ఇంకా తేలలేదని మావయ్య నవ్వుతూనే అన్నాడొకసారి.

ఇప్పుడు నా డ్రాయర్లో ఒక రోల్ ఆన్, ఒక జెల్ ఉన్నాయి. కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేస్తే రాసుకుంటాను. మా అబ్బాయికి చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ కర్పూరం నూనె రొమ్ముకి రాయబోతే నేనొప్పుకోలేదు. పసిపిల్లలకి కర్పూరం ప్రమాదం, కడుపులోకి పోతే ఫిట్స్ కూడా రావచ్చు. అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. బామ్ రాసిన చోట మళ్లీ వేడినీళ్ల సంచీ పెట్టొద్దని, బొబ్బలెక్కుతాయని చెప్పినా ఆవిడకి నచ్చదు. "మీ మామ్మ నూనె రాసి కాపడం పెట్టేది కాదేటి?" అంటుంది. ఆ నూనె వేరు, ఈ బామ్ వేరు అని వాదించి వాదించి మానేశాను. రక్తం పల్చబడే మందు వాడే నాన్నకి మాత్రం వింటర్‌గ్రీన్ నూనె ఉన్న బామ్‌లు దగ్గరికి రానివ్వకుండా గట్టిగా నిలబడ్డాను. అది చర్మంలోంచి దిగి ఆ మందు ప్రభావాన్ని పెంచుతుందని డాక్టరు చెప్పారు. మిల్లు మానేసి ఎన్నేళ్లయినా ఆయన కుడి భుజం ఇంకా లాగుతూనే ఉంటుంది.

అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. క్రితం నెల విజయనగరంలో ఎముకల డాక్టరుకి చూపించాను. ఆయన ఎక్స్‌రే చూసి, జెల్ రాసి, బరువు తగ్గాలని, తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని చెప్పి ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడమ్మాయి చక్కగా, ఓపిగ్గా చూపించింది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పదంకెలు లెక్కపెట్టాలి, దించాలి, మళ్లీ చాపాలి. రోజూ రెండు పూటలా. అమ్మ బుద్ధిగా తలూపింది. ఆటో ఎక్కాక జెల్ ట్యూబు మూత తీసి వాసన చూసి, "దీంట్లో ఘాటే నేదు, ఇదేం పనిచేత్తాది?" అంది.

మొన్న ఫోన్ చేసి వ్యాయామం చేస్తున్నావా అని అడిగాను.

"పొద్దున్న ఉపాధి పనికెల్లొచ్చినాను, మట్టి మోసినాను, సాయంత్రం గేదెకి గడ్డి కోసినాను. మల్లీ కుర్సీలో కూకోని కాలూపడం యాయామవేటే?" అంది. జెల్ మాత్రం రాసుకుంటోందట, మామ్మ నూనెలో కలిపి.